కరెంటు వచ్చాక ప్రోగ్రామ్‌ను నిద్ర లేపేదెవరు?

వేసవి చివర్లో వచ్చే గాలివానల సంగతి మనందరికీ తెలిసిందే. ఈదురుగాలి మొదలవగానే కరెంటు పోతుంది. చాలాసేపటికి గానీ తిరిగి రాదు. ఒక కళాశాల మేడ మీద చిన్న వాతావరణ కేంద్రం ఉందనుకుందాం. అందులో ఒక వర్షమాపకం, దానికి తీగతో కలిపిన అరచేతిలో పట్టేంత లినక్స్ సర్వర్ ఉన్నాయి. వర్షమాపకం లోపల రెండు చిన్న దొప్పలు తూగుడు బల్లలా అమర్చి ఉంటాయి. ఒక దొప్ప నిండగానే బరువుకు ఒరిగి నీటిని ఒంపేస్తుంది. రెండోది దాని స్థానంలోకి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ ఒక అయస్కాంతం పక్కనున్న స్విచ్‌ను ఒక్క క్షణం మూసి తెరుస్తుంది. ఇలాంటి చాలా పరికరాల్లో ఒక్కో ఒరుగు 0.2 మిల్లీమీటర్ల వానకు సమానం. సర్వర్‌లోని ప్రోగ్రామ్ చేసే పనల్లా ఈ ఒరుగులను లెక్కపెట్టి, సమయంతో సహా రాసుకోవడమే.

గాలివానకు కరెంటు పోయింది. 40 నిమిషాల తర్వాత వచ్చింది. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, సర్వర్ కూడా తనంతట తానే మేలుకుంది. వాన ఇంకా పడుతూనే ఉంది. దొప్పలు ఒరుగుతూనే ఉన్నాయి. కానీ లెక్కపెట్టేవారు లేరు. ఎందుకంటే ఆ ప్రోగ్రామ్‌ను కొన్ని నెలల క్రితం ఎవరో కీబోర్డు ముందు కూర్చుని చేత్తో మొదలుపెట్టారు. సర్వర్ లేచిందే గానీ, దాన్ని మళ్లీ మొదలుపెట్టాలని సర్వర్‌కు ఎవరూ చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం పోయిన లెక్క సోమవారం ఎవరో చూసుకునేదాకా పోయినట్టే. 40 నిమిషాల ఖాళీ కాస్తా మూడు రోజుల ఖాళీ అవుతుంది.

ఇది మామూలు ఖాళీ కూడా కాదు. లాటరీ తీసినట్టు ఎప్పుడో ఒకసారి కొన్ని గంటల లెక్కలు పోతే, మిగిలిన లెక్కల సగటు మీద పెద్దగా ప్రభావం ఉండదు. ఇక్కడ కరెంటు పోవడానికీ, భారీ వాన పడటానికీ కారణం ఒకటే. కాబట్టి పోయేవి ఎక్కువగా భారీ వానల లెక్కలే. తుంపరలన్నీ నమోదవుతాయి, కుండపోతలు జారిపోతాయి. ఆ లెక్కను నమ్మితే మన ఊళ్లో భారీ వానలు అరుదని అనిపిస్తుంది. డ్రైనేజీ కాలువ ఎంత వెడల్పుండాలో అలాంటి అంకెలను చూసి నిర్ణయిస్తే, దాని ఫలితం వీధిలో మోకాలి లోతు నీళ్ల రూపంలో కనిపిస్తుంది.

సర్వర్ బూట్ కాగానే ఒక ప్రోగ్రామ్ దానంతట అదే మొదలవ్వాలంటే ఏం చేయాలి? లినక్స్ సర్వర్లను నడిపేవారిలో దాదాపు ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని 500 అత్యంత వేగవంతమైన సూపర్‌కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ లినక్స్‌తోనే నడుస్తున్నాయి. మేడ మీది చిన్న బోర్డులోనూ, ఆ మహా యంత్రాల్లోనూ ఈ ప్రశ్న వెనకున్న సూత్రం ఒకటే.

నడుస్తున్న ప్రోగ్రామ్ ఎక్కడ ఉంటుంది?

ప్రోగ్రామ్ ఫైల్ డిస్క్ మీద ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ మాత్రం ర్యామ్‌లో ఉంటుంది. దీన్నే ప్రాసెస్ అంటారు. కరెంటు పోగానే ర్యామ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఫైల్ మిగులుతుంది, కానీ అది నడుస్తూ ఉండేదన్న జ్ఞాపకం మిగలదు.

పైగా లినక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కూ ఒక తల్లి ప్రాసెస్ ఉంటుంది. మీరు సర్వర్‌లోకి లాగిన్ అయి ఒక ప్రోగ్రామ్‌ను మొదలుపెడితే, దానికి తల్లి మీ టెర్మినల్‌లోని షెల్. టెర్మినల్ మూసేస్తే 'హ్యాంగప్' అనే సంకేతం వెళ్తుంది, సాధారణంగా ప్రోగ్రామ్ అక్కడితో ఆగిపోతుంది. టెలిఫోన్ లైన్ల మీద లాగిన్ అయ్యే రోజుల్లో ఫోన్ పెట్టేయడాన్ని సూచించిన పేరది. దీన్ని తప్పించుకోవడానికి 'నోహప్', 'టీమక్స్' వంటి సాధనాలున్నాయి. అవి మీరు లాగౌట్ అయినా ప్రోగ్రామ్‌ను బతికిస్తాయి. కరెంటు పోతే అవీ ర్యామ్‌తో పాటే పోతాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. నెలల తరబడి ఆగకుండా నడుస్తోందంటే శాశ్వతంగా నడుస్తుందని అనుకుంటారు.

కాబట్టి చేయాల్సింది ఒకటే. 'మేలుకోగానే ఈ ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టు' అనే ఆదేశాన్ని డిస్క్ మీద, యంత్రం లేవగానే చదివే చోట రాసిపెట్టాలి.

మేలుకొలుపు అంచెలు

ఆ చోటు ఏదో తెలియాలంటే బూట్ ఎలా జరుగుతుందో చూడాలి. కరెంటు అందగానే ముందుగా నడిచేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. అది హార్డ్‌వేర్‌ను పరీక్షించి, డిస్క్ నుంచి బూట్‌లోడర్‌ను తెస్తుంది. చాలా లినక్స్ సర్వర్లలో దాని పేరు గ్రబ్. బూట్‌లోడర్ లినక్స్ కెర్నెల్‌ను ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ మెమరీని, డిస్కులను, ఇతర పరికరాలను తన అధీనంలోకి తెచ్చుకుని, చివరగా ఒకే ఒక ప్రోగ్రామ్‌ను మొదలుపెడుతుంది. దాని ప్రాసెస్ సంఖ్య 1. సంప్రదాయంగా దాన్ని ఇనిట్ అంటారు. సర్వర్‌లో మనం మొదలుపెట్టే ప్రోగ్రాములన్నీ ఈ ఒకటో నంబరు ప్రాసెస్ పిల్లలో, మనవలో అవుతాయి. మన ఆదేశం చేరాల్సింది దాని దగ్గరికే.

దీనికంటే ముందు మరో మెట్టు ఉంది. కరెంటు తిరిగి రాగానే కంప్యూటర్ అసలు ఆన్ అవుతుందా? రాస్బెర్రీ పై వంటి బోర్డులు కరెంటు అందగానే మొదలవుతాయి. మామూలు పీసీని సర్వర్‌గా వాడుతుంటే అది పవర్ బటన్ నొక్కేదాకా అలాగే ఉండిపోవచ్చు. కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలో నిర్ణయించే ఎంపిక బయోస్ సెట్టింగుల్లో ఉంటుంది. దాన్ని 'ఆన్' లేదా 'మునుపటి స్థితి' అని మార్చుకోవాలి. ఇది మరిస్తే కింద చెప్పేవేవీ పనిచేయవు.

వరస సంఖ్యల నుంచి సిస్టమ్‌డీ దాకా

చాలా ఏళ్లపాటు ఈ ఒకటో నంబరు ప్రాసెస్ బాధ్యతను 'సిస్టమ్ ఫైవ్ ఇనిట్' మోసింది. ఒక డైరెక్టరీలో చిన్న చిన్న స్క్రిప్టులు ఉండేవి. మొదలుపెట్టాల్సిన వాటి పేర్లకు ముందు 'ఎస్' అనే అక్షరం, రెండంకెల సంఖ్య ఉండేవి. 10 తర్వాత 20, ఆ తర్వాత 30. రేషన్ షాపు ముందు వరసలా ఒకదాని తర్వాత ఒకటి. మధ్యలో ఒకటి ఆలస్యమైతే వెనకున్నవన్నీ ఆగాల్సిందే. పైగా ఒకసారి మొదలైన ప్రోగ్రామ్ పది నిమిషాలకే కూలిపోయినా, దాన్ని మొదలుపెట్టిన స్క్రిప్టుకు ఆ సంగతి తెలియదు.

2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డీ అనే కొత్త వ్యవస్థను ప్రకటించారు. ఇది సంఖ్యల వరసను వదిలేసి, ఏది దేని మీద ఆధారపడి ఉందో చూసుకుని, సంబంధం లేనివాటిని ఒకేసారి మొదలుపెడుతుంది. మొదలుపెట్టాక వాటిని కనిపెట్టుకుని ఉంటుంది కూడా. 2011లో ఫెడోరా, 2014లో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7, 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దీనికి మారాయి. ఒకే వ్యవస్థ ఇన్ని పనులు నెత్తిన వేసుకోవడం యూనిక్స్ సంప్రదాయానికి విరుద్ధమని గట్టి వాదనలు జరిగాయి. డెబియన్ నుంచి విడిపోయిన డెవ్యువాన్, తేలికైన ఆల్పైన్ లినక్స్ వంటివి నేటికీ దీన్ని వాడవు. అయితే మీ చేతిలోని సర్వర్‌లో ఉబుంటు, డెబియన్, రాస్బెర్రీ పై ఓఎస్ ఏది ఉన్నా ఒకటో నంబరు ప్రాసెస్ సిస్టమ్‌డీయే.

నాలుగు వాక్యాల చీటీ

సిస్టమ్‌డీకి ఇచ్చే ఆదేశాన్ని సర్వీస్ ఫైల్ అంటారు. 'ఈటీసీ' డైరెక్టరీలో 'సిస్టమ్‌డీ', దాని లోపల 'సిస్టమ్' అనే ఫోల్డర్లో దీన్ని ఉంచాలి. మన ప్రోగ్రామ్‌కు 'వాన' అని పేరు పెడితే, ఫైల్ పేరు వాన, చుక్క, సర్వీస్. కింది పదాలను ఫైల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి.

ఈ ఫైల్‌లో మూడు భాగాలుంటాయి. 'యూనిట్' భాగంలో ఇది ఏ ప్రోగ్రామో ఒక వాక్యం, దీనికంటే ముందు ఏవేవి మొదలవ్వాలో చెప్పే పంక్తులు ఉంటాయి. 'సర్వీస్' భాగంలో ముఖ్యమైన పంక్తి 'ఎగ్జెక్‌స్టార్ట్'. ఏ ప్రోగ్రామ్‌ను నడపాలో అందులో రాయాలి. ఏ యూజర్ పేరు మీద నడవాలో 'యూజర్' పంక్తి, ఆగిపోతే ఏం చేయాలో 'రీస్టార్ట్' పంక్తి చెబుతాయి. 'ఇన్‌స్టాల్' భాగంలో సాధారణంగా ఒకే పంక్తి: 'వాంటెడ్‌బై', దాని విలువ 'మల్టీ యూజర్ టార్గెట్'. సర్వర్ మామూలుగా పనిచేసే స్థితికి చేరేటప్పుడు ఈ ప్రోగ్రామ్ కూడా కావాలని దీని అర్థం.

ఫైల్ రాశాక 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్ రీలోడ్' అనే ఆదేశమిస్తే సిస్టమ్‌డీ ఫైళ్లను మళ్లీ చదువుకుంటుంది. ఆ తర్వాత రెండు వేర్వేరు ఆదేశాలు ఉన్నాయి. 'స్టార్ట్' అంటే ఇప్పుడే మొదలుపెట్టు. 'ఎనేబుల్' అంటే ఇకపై ప్రతి బూట్‌లో మొదలుపెట్టు. చాలామంది స్టార్ట్ ఇచ్చి, ప్రోగ్రామ్ నడవడం చూసి, పని అయిపోయిందనుకుంటారు. తర్వాతి కరెంటు కోతలో అసలు విషయం బయటపడుతుంది.

ఎనేబుల్ చేసే పని చాలా చిన్నది. మల్టీ యూజర్ టార్గెట్‌కు చెందిన ఒక ఫోల్డర్లో మన సర్వీస్ ఫైల్‌ను చూపించే లింకును పెడుతుంది, అంతే. ఆ ఫోల్డర్ హాజరు పట్టీ లాంటిది. బూట్ అయిన ప్రతిసారీ సిస్టమ్‌డీ అందులోని పేర్లు పిలుస్తుంది. పట్టీలో పేరు లేని పిల్లవాడిని ఎవరూ పిలవరు, వాడు తరగతిలోనే కూర్చున్నా సరే.

చేత్తో నడిచింది, బూట్‌లో నడవదేం?

కీబోర్డు దగ్గర చక్కగా నడిచిన ప్రోగ్రామ్ బూట్‌లో ఆగిపోవడం తరచూ జరుగుతుంది. మీరు లాగిన్ అయినప్పుడు మీ చుట్టూ ఒక వాతావరణం ఏర్పడుతుంది. మీ హోమ్ డైరెక్టరీ, ప్రోగ్రాములను వెతికే దారుల జాబితా, మీరు పెట్టుకున్న ఇతర సెట్టింగులు అందులో భాగం. సిస్టమ్‌డీ మొదలుపెట్టినప్పుడు అవేవీ ఉండవు. 'ఇక్కడున్న ఫైల్' అని ప్రోగ్రామ్‌లో రాసి ఉంటే, ఆ 'ఇక్కడ' మారిపోతుంది. అందుకే ప్రతి ఫైల్‌కూ మూలం నుంచి పూర్తి దారి రాయాలి.

యూజర్ పంక్తిని వదిలేస్తే ప్రోగ్రామ్ సర్వాధికారి అయిన 'రూట్' పేరు మీద నడుస్తుంది. వాన లెక్కపెట్టడానికి అంత అధికారం అక్కర్లేదు. ఆ ప్రోగ్రామ్‌లో లోపముంటే, చొరబడినవాడికి మొత్తం సర్వర్ తాళాలు అప్పగించినట్టవుతుంది.

తర్వాతి చిక్కు వరస గురించి. 'రిక్వయర్స్' అంటే ఫలానాది తప్పనిసరిగా కావాలి. 'వాంట్స్' అంటే ఉంటే మంచిది. 'ఆఫ్టర్' అంటే దాని తర్వాత. కావాలి అన్నంత మాత్రాన తర్వాత అని అర్థం కాదు. రిక్వయర్స్ మాత్రమే రాస్తే రెండూ ఒకేసారి మొదలుకావచ్చు. నెట్‌వర్క్ విషయంలోనూ ఇలాంటి తేడాయే ఉంది. 'నెట్‌వర్క్ టార్గెట్' తర్వాత అంటే నెట్‌వర్క్‌ను చూసుకునే ప్రోగ్రామ్ మొదలైందని మాత్రమే. నిజంగా కనెక్షన్ అందాక మొదలవ్వాలంటే 'నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్' అనే పేరును వాంట్స్‌లోనూ ఆఫ్టర్‌లోనూ రాయాలి.

ఐదుసార్లు ప్రయత్నించి వదిలేస్తుంది

రీస్టార్ట్ పంక్తిలో 'ఆన్ ఫెయిల్యూర్' అని రాస్తే, ప్రోగ్రామ్ తప్పుతో ఆగిన ప్రతిసారీ సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ మొదలుపెడుతుంది. ఇది రాశాక నిశ్చింతగా ఉండొచ్చని అనిపిస్తుంది. కానీ ఇక్కడ చిన్న లెక్క ఉంది. మనం మార్చకపోతే, ఆగిన ప్రోగ్రామ్‌ను తిరిగి మొదలుపెట్టే ముందు సిస్టమ్‌డీ వేచి ఉండేది 100 మిల్లీసెకన్లే. 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టినా నిలవకపోతే, ఇక లాభం లేదని వదిలేస్తుంది.

గాలివాన తర్వాత ఇది ఎలా పరిణమిస్తుందో చూడండి. కరెంటు వచ్చింది. సర్వర్ అరనిమిషంలో లేచింది. వైఫై రౌటర్‌కు మాత్రం రెండు నిమిషాలు పట్టింది. ప్రోగ్రామ్ మొదలవగానే నెట్‌వర్క్ కోసం చూసి, దొరక్క, వెంటనే ఆగిపోయింది. అలా ఐదుసార్లు ఆగడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. రౌటర్ లేచేసరికి సిస్టమ్‌డీ ప్రయత్నాలు ఎప్పుడో ముగిశాయి. అన్నీ సరిగా రాసినా ప్రోగ్రామ్ నడవదు.

పరిష్కారం ఒక్క పంక్తి. 'రీస్టార్ట్ సెక్' విలువను 10 చేస్తే, ఏ 10 సెకన్లలోనూ ఐదు ప్రయత్నాలు పూర్తికావు. పరిమితి దాటే ప్రసక్తే ఉండదు. ప్రోగ్రామ్ ఓపిగ్గా ప్రయత్నిస్తూనే ఉంటుంది.

అయితే అసలు ప్రశ్న వేరే ఉంది. వాన లెక్కపెట్టడానికి నెట్‌వర్క్ ఎందుకు? స్విచ్ మూసుకున్నప్పుడల్లా డిస్క్ మీద ఒక పంక్తి రాయడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ పంక్తులను వేరే చోటికి పంపడానికే అది కావాలి. ఈ రెండు పనులను రెండు ప్రోగ్రాములుగా, రెండు సర్వీసులుగా విడదీస్తే, లెక్కపెట్టేది దేనికోసమూ ఆగకుండా బూట్‌లో మొదలవుతుంది. పంపేది నెట్‌వర్క్ వచ్చాక నిదానంగా మొదలవుతుంది. ఎవరి మీద ఎంత తక్కువ ఆధారపడితే అంత త్వరగా లేవగలం. సర్వర్ విషయంలోనూ అంతే.

గడియారం మాటేమిటి?

ప్రోగ్రామ్ లేచింది, లెక్క మొదలైంది. ఆ లెక్క మీద వేసే సమయం సరైనదేనా? మామూలు పీసీలో కరెంటు లేకపోయినా నడిచే చిన్న గడియారం, దానికొక బటన్ బ్యాటరీ ఉంటాయి. రాస్బెర్రీ పై 4 వరకు వచ్చిన ఆ వరస బోర్డుల్లో అది లేదు. 2023లో వచ్చిన పై 5లో గడియారం ఉన్నా, బ్యాటరీని విడిగా తగిలించాలి. అలాంటి గడియారం లేని బోర్డు లేవగానే, చివరిసారి దాచుకున్న సమయం నుంచి లెక్క మొదలుపెడుతుంది. నెట్‌వర్క్ నుంచి సరైన సమయం అందాకే సర్దుకుంటుంది. ఈలోగా పడిన వాన మీద తప్పుడు సమయం ముద్రపడుతుంది. లెక్క లేకపోవడం కంటే తప్పు లెక్క ప్రమాదకరం. లేనిది కనిపిస్తుంది, తప్పు కనిపించదు.

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, డీఎస్ 3231 వంటి గడియారపు చిప్‌ను బోర్డుకు జోడించడం. 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య దాని తేడా పది లక్షల్లో 2 వంతులకు మించదు. అంటే ఏడాదికి సుమారు ఒక నిమిషం. రెండోది ఖర్చు లేనిది. కెర్నెల్ దగ్గర గోడ గడియారంతో సంబంధం లేకుండా, బూట్ అయినప్పటి నుంచి గడిచిన సెకన్లను లెక్కించే మరో గడియారం ఉంటుంది. ప్రతి పంక్తిలో ఆ సంఖ్యనూ రాసుకుంటే, సరైన సమయం తెలిశాక వెనక్కి లెక్కగట్టి మునుపటి పంక్తులను సరిచేయవచ్చు.

తేలిక దారి ఎప్పుడు చాలు?

సర్వీస్ ఫైల్ రాయడం బరువనిపిస్తే, సమయపాలన పనులు చేసే క్రాన్‌లో 'రీబూట్' అనే ప్రత్యేక పదం ఉంది. ఆ పదం ముందు 'ఎట్' గుర్తు పెట్టి, పక్కన ఆదేశం రాస్తే బూట్‌లో ఒకసారి అది నడుస్తుంది. బూట్ అయిందని ఒక సందేశం పంపడం వంటి ఒక్కసారి చేసి ముగించే పనులకు ఇది చాలు. నిరంతరం నడవాల్సిన ప్రోగ్రామ్‌కు చాలదు. అది కూలిపోతే క్రాన్ పట్టించుకోదు. డాకర్ కంటైనర్లు వాడేవారికి వాటికంటూ రీస్టార్ట్ విధానం ఉంది. కాకపోతే బూట్‌లో డాకర్ తానే మొదలవ్వాలి కాబట్టి, ముందు దాన్ని ఎనేబుల్ చేసి ఉండాలి.

వాన రాకముందే పరీక్ష

ఏ పద్ధతి ఎంచుకున్నా, అది పనిచేస్తుందని తెలుసుకునే మార్గం ఒక్కటే: సర్వర్‌ను రీబూట్ చేసి, ఏమీ ముట్టుకోకుండా చూడటం. లాగిన్ అవ్వకుండా ఐదు నిమిషాలు ఆగి, లెక్కల ఫైల్‌లో కొత్త పంక్తులు చేరుతున్నాయో లేదో గమనించండి. చేరకపోతే 'జర్నల్‌సీటీఎల్' ఆదేశంతో ఆ సర్వీస్ రాసుకున్న చిట్టాను చదవవచ్చు. కొన్ని చోట్ల ఆ చిట్టా కూడా ర్యామ్‌లోనే ఉండి, కరెంటుతో పాటు పోతుంది. 'వార్' డైరెక్టరీలోని 'లాగ్' లోపల 'జర్నల్' అనే ఫోల్డర్ ఉంటేనే మామూలుగా అది డిస్క్ మీద నిలుస్తుంది.

రీబూట్ పరీక్ష నెగ్గాక, మేడ ఎక్కించే ముందే రౌటర్‌తో సహా మొత్తానికీ మెయిన్ స్విచ్ ఆపి, కొంతసేపు ఆగి, మళ్లీ వేసి చూడండి. గాలివాన పెట్టే పరీక్ష అదే. ఇతరుల పని నడుస్తున్న సర్వర్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు. హఠాత్తుగా కరెంటు తీసేస్తే రాస్తున్న ఫైళ్లు, ముఖ్యంగా మెమరీ కార్డుల మీద ఉన్నవి దెబ్బతినవచ్చు.

ఇవన్నీ చేసినా కరెంటు లేని ఆ 40 నిమిషాలు తిరిగి రావు. వాటిని కాపాడేది బ్యాటరీ మాత్రమే. కానీ ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ 'ఇప్పుడే లేచాను' అని ఒక పంక్తి రాసేలా చేస్తే, ఆ ఖాళీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో లెక్కల్లోనే సుమారుగా తెలుస్తుంది. రేపు ఆ అంకెలు చూసేవారికి 'వాన పడలేదు' అనే సున్నాకూ, 'మేం చూడలేదు' అనే ఖాళీకీ తేడా కనిపిస్తుంది.